పంపు లేని ప్రవాహం: కలకత్తా ప్రయోగశాల నుంచి కంప్యూటరు తెర దాకా

కొబ్బరిబోండాంలో స్ట్రా వేసుకుని తాగేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. స్ట్రా లావుగా ఉంటే నీళ్ళు సులువుగా వస్తాయి. సన్నగా ఉంటే బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాలి. ఈ అనుభవం వెనక ఒక లెక్క ఉంది. గొట్టం పొడవునూ, పీల్చే బలాన్నీ మార్చకుండా గొట్టం వ్యాసాన్ని మాత్రం సగానికి తగ్గిస్తే, వచ్చే నీరు పదహారో వంతుకు పడిపోతుంది. వ్యాసాన్ని పదో వంతు చేస్తే పదివేలో వంతు నీరే వస్తుంది. 5 మిల్లీమీటర్ల స్ట్రా బదులు ఇంచుమించు తల వెంట్రుకంత సన్నని, 50 మైక్రోమీటర్ల గొట్టం తీసుకున్నారనుకోండి. అప్పుడు వచ్చే నీరు మొదటి దానిలో పది కోట్ల వంతు!

అయినా నేటి ప్రయోగశాలల్లో ఇంత సన్నని కాలువల్లోనే ద్రవాలను నడిపిస్తున్నారు. తపాలా బిళ్ళంత గాజు పలక మీద వెంట్రుకలాంటి కాలువలు చెక్కి, వాటిలోకి ఒక చుక్క ద్రావణాన్ని పంపి, అందులోని పదార్థాలను విడదీస్తున్నారు. దీనికి పంపు అక్కర్లేదు. కాలువ రెండు చివర్లా రెండు తీగలు పెట్టి విద్యుత్తు ఇస్తే చాలు, నీరు తనంతట తానే కదులుతుంది. దీన్ని ఎలక్ట్రోఆస్మాసిస్ అంటారు. తెలుగులో విద్యుత్ ద్రవాభిసరణం అనవచ్చు.

నీటిని విద్యుత్తు ఎలా కదిలిస్తుంది? ఎంత వేగంతో కదిలిస్తుంది? ఇవాళ ఈ లెక్కను కంప్యూటర్లు చేస్తున్నాయి. ఆ లెక్కలో రెండు ముడులున్నాయి. వంద సంవత్సరాల క్రితం కలకత్తాలో ఒకే కళాశాలలో చదివిన ఇద్దరు యువ రసాయన శాస్త్రవేత్తలు ఆ రెంటినీ చెరొకటిగా పట్టుకున్నారు. ఒకరి సిద్ధాంతం ఓడిపోయింది. రెండవవారి ప్రశ్న ఇప్పటికీ మనతోనే ఉంది.

బంకమన్నులో మొదటి ఆధారం

వోల్టా 1800లో తొలి బ్యాటరీని తయారు చేశాక యూరప్‌లోని శాస్త్రవేత్తలు దొరికిన ప్రతి వస్తువులోకీ విద్యుత్తును పంపి చూడసాగారు. మాస్కో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫెర్డినాండ్ రాయిస్ తడి బంకమన్ను ముద్దను ఎంచుకున్నారు. అందులో రెండు గాజు గొట్టాలు గుచ్చి, అడుగున కడిగిన ఇసుక వేసి, పైన నీరు పోశారు. ఒక గొట్టంలో బ్యాటరీ ధన ధ్రువాన్నీ, రెండో దానిలో ఋణ ధ్రువాన్నీ ఉంచారు.

రెండు వింతలు కనిపించాయి. ధన ధ్రువం ఉన్న గొట్టంలోకి మట్టి రేణువులు పైకి లేచి నీరు మసకబారింది. ఋణ ధ్రువం ఉన్న గొట్టంలో నీరు తేటగానే ఉంది, కాని దాని మట్టం పెరిగింది. అంటే మట్టి ఒక వైపుకూ, నీరు రెండో వైపుకూ ప్రయాణించాయన్న మాట! రాయిస్ ఈ ఫలితాలను 1809లో ప్రచురించారు.

తర్వాత జర్మనీలో విడెమాన్ 1852లో కొలతలు తీసి, కదిలే నీటి పరిమాణం విద్యుత్ ప్రవాహానికి అనులోమానుపాతంలో ఉంటుందని చూపారు. 1859లో క్వింకె దీని తిరగదోపిడిని కనుగొన్నారు. సన్నని రంధ్రాలున్న దిమ్మ గుండా నీటిని బలవంతంగా పంపితే రెండు చివర్ల మధ్య వోల్టేజి పుడుతుంది. ఈ రెండో వింతను గుర్తుంచుకోండి. వ్యాసం చివర దీనితో పని ఉంది.

గోడ దగ్గర ఏం జరుగుతుంది?

శుద్ధమైన నీటికి మొత్తం మీద విద్యుదావేశం లేదు. మరి విద్యుత్తు దాన్ని ఎలా లాగుతుంది? రహస్యం గోడ దగ్గర ఉంది.

గాజు ఉపరితలం నీటిని తాకగానే అక్కడి కొన్ని రసాయన సమూహాలు తమ హైడ్రోజన్ అయాన్లను నీటిలోకి వదిలేస్తాయి. దాంతో గోడకు ఋణావేశం మిగులుతుంది. ఆ గోడ నీటిలోని ధన అయాన్లను తన చుట్టూ చేర్చుకుంటుంది. గోడ మీద ఋణావేశం, దానికి ఎదురుగా నీటిలో ధనావేశం: ఈ జంటనే విద్యుత్ ద్విపొర అంటారు. హెల్మ్‌హోల్ట్జ్ 1879లో ఈ ఊహకు గణిత రూపమిచ్చారు.

ఇప్పుడు కాలువ పొడవునా విద్యుత్ క్షేత్రాన్ని పెట్టండి. గోడ కదలదు. దాని పక్కన గుమిగూడిన ధన అయాన్లు మాత్రం ఋణ ధ్రువం వైపు కదులుతాయి. అవి తమను అంటిపెట్టుకున్న నీటిని లాక్కుపోతాయి. ఆ నీటి పొర స్నిగ్ధత కారణంగా పక్క పొరను లాగుతుంది, అది దాని పక్క పొరను లాగుతుంది. ఇలా కొద్ది క్షణాల్లోనే కాలువలోని నీరంతా ఒకే వేగంతో కదులుతుంది. జగన్నాథుని రథాన్ని పక్కల నుంచి తాళ్ళు పట్టి లాగినట్లు, నీటిని గోడల నుంచి లాగుతున్నామన్న మాట.

పోలండ్ శాస్త్రవేత్త స్మొలుకోవ్‌స్కీ 1903లో ఈ వేగానికి చక్కని సూత్రం ఇచ్చారు. ద్రవపు పెర్మిటివిటీని గోడ దగ్గరి పొటెన్షియల్‌తోనూ, విద్యుత్ క్షేత్రంతోనూ గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే వేగం వస్తుంది. గోడ దగ్గరి ఆ పొటెన్షియల్‌ను గ్రీకు అక్షరం పేరుతో జీటా పొటెన్షియల్ అంటారు. ఒక లెక్క చేసి చూద్దాం. జీటా 50 మిల్లీవోల్టులు, క్షేత్రం సెంటీమీటరుకు 100 వోల్టులు అనుకుంటే, నీటి వేగం సెకనుకు మిల్లీమీటరులో సుమారు మూడో వంతు. 3 సెంటీమీటర్ల కాలువను దాటడానికి నిమిషంన్నర కూడా పట్టదు.

ఈ సూత్రంలో కాలువ వ్యాసం లేదు, గమనించారా? ద్విపొర మందం కంటే కాలువ బాగా వెడల్పుగా ఉన్నంత వరకు, కాలువ సన్నబడినా వేగం తగ్గదు. స్ట్రాతో పడ్డ అవస్థ ఇక్కడ లేదు. సన్నని కాలువలకు విద్యుత్తే తగిన పంపు కావడానికి కారణం ఇదే.

అప్పర్ సర్క్యులర్ రోడ్డు

ఇప్పుడు కలకత్తాకు వద్దాం. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన విద్యార్థులలో సత్యేంద్రనాథ్ బోస్, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ ఉన్నారు. రసాయన శాస్త్రంలో వారి గురువు ఆచార్య ప్రఫుల్లచంద్ర రే. 1915లో ఎం.ఎస్‌సి. పూర్తయ్యాక ఘోష్, ముఖర్జీ ఇద్దరూ కొత్తగా ఏర్పడిన యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో అధ్యాపకులుగా చేరారు. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదుల విరాళాలతో, అశుతోష్ ముఖర్జీ పట్టుదలతో అప్పర్ సర్క్యులర్ రోడ్డు మీద వెలసిన కళాశాల అది. ఆ రోడ్డు పేరు ఇప్పుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డు.

అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. విదేశాల నుంచి పరికరాలు రావడం కష్టమైంది. కాని కాగితం, పెన్సిలు, ఇతరులు ప్రచురించిన కొలతలు ఉన్నాయి. ఘోష్ వాటితోనే పని ప్రారంభించారు.

ఘోష్ లెక్క

ఉప్పును నీటిలో వేస్తే అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుందని మీరు చదువుకున్నారు. 1887లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన అర్రీనియస్, ఉప్పులో కొంత భాగమే విడిపోతుందని భావించారు. ఎసిటిక్ ఆమ్లం వంటి బలహీన పదార్థాలకు ఆయన లెక్క సరిపోయింది. కాని సోడియం క్లోరైడ్ వంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలకు ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

1918లో, పాతికేళ్ళు కూడా నిండని ఘోష్ లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసాలు ప్రచురించారు. ఉప్పు ద్రావణంలో విడిపోని భాగం అంటూ లేదు, అంతా అయాన్లుగానే ఉంటుంది, కాని ఆ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడం వల్ల స్వేచ్ఛగా తిరగలేవు అన్నది ఆయన వాదం. వాటి అమరికను లెక్కించడానికి ఒక ఊహ చేశారు. స్ఫటికంలో మాదిరిగానే ద్రావణంలో కూడా అయాన్లు క్రమమైన జాలకంలో, కాస్త దూరం దూరంగా నిలబడి ఉంటాయనుకున్నారు. ఆకర్షణను తెంచుకోగల శక్తి ఉన్న అయాన్లే విద్యుత్తును మోస్తాయని చెప్పారు. కలకత్తా నుంచి వచ్చిన ఈ సిద్ధాంతం యూరప్ దృష్టిని ఆకర్షించింది. ప్రశంసలతో పాటు విమర్శలూ వచ్చాయి.

దానికి పరీక్ష ఎక్కడ ఎదురైందో చూడండి. జాలకంలో అయాన్ల మధ్య దూరం గాఢత ఘనమూలాన్ని బట్టి మారుతుంది. గాఢతను 8 రెట్లు చేస్తే దూరం సగమవుతుంది. కాబట్టి ఘోష్ సూత్రంలో ఘనమూలం వచ్చింది. కాని జర్మనీలో కోల్‌రాష్ ఎంతో ఓపికగా చేసిన కొలతల్లో, బాగా పలచని ద్రావణాల వాహకత గాఢత వర్గమూలాన్ని అనుసరించింది. ఘనమూలమా, వర్గమూలమా? చూడటానికి చిన్న తేడా. కాని సిద్ధాంతం నిలవడమో, కూలడమో దాని మీదే ఆధారపడింది.

1923లో డిబై, హ్యూకెల్ ఈ చిక్కును విడదీశారు. తమ వ్యాసంలో ఘోష్ కృషిని చర్చించి, లోపం ఎక్కడుందో చూపారు. ద్రవంలో అయాన్లు నిలకడగా ఉండవు. ఉష్ణ చలనం వాటిని క్షణక్షణం చెదరగొడుతుంది. కాబట్టి ఒక్కొక్క అయాను చుట్టూ దానికి వ్యతిరేక ఆవేశం ఉన్న అయాన్ల గుంపు మేఘంలా పరుచుకుని ఉంటుంది. ఆ మేఘం మందం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. గాఢతను 4 రెట్లు చేస్తే మందం సగమవుతుంది. కొలతలతో లెక్క కలిసింది.

ఘోష్ జాలకం పోయింది. ఉప్పు పూర్తిగా అయాన్లుగా విడిపోతుందన్న మాట, అసలు కారణం అయాన్ల పరస్పర ఆకర్షణే అన్న మాట నిలిచాయి. పరీక్షకు నిలబడేంత స్పష్టంగా చెప్పిన సిద్ధాంతం ఓడినా కూడా తర్వాతివారికి దారి చూపుతుంది. మసక మాటలకు ఆ అదృష్టం ఉండదు.

ఈ మేఘం మందమే మన కాలువలోని ద్విపొర మందం కూడా. ఫ్రాన్స్‌లో గూయీ 1910లోనూ, ఇంగ్లండ్‌లో చాప్‌మన్ 1913లోనూ చదునైన గోడకు చేసిన లెక్కనే డిబై, హ్యూకెల్ గుండ్రని అయానుకు చేశారు. లీటరుకు పదో వంతు మోల్ సాధారణ ఉప్పు ఉన్న నీటిలో ఈ మందం సుమారు 1 నానోమీటరు. ఉప్పును వంద రెట్లు పలచన చేస్తే సుమారు 10 నానోమీటర్లు.

ముఖర్జీ ప్రశ్న

ఘోష్ నీటి మధ్యలోని అయాన్ల గురించి ఆలోచిస్తుంటే, ముఖర్జీ గోడ దగ్గరి అయాన్ల గురించి ఆలోచించారు. ఆయన విషయం కొల్లాయిడ్లు. బంకమట్టి కలిపిన నీరు అలాంటిదే. అందులోని సూక్ష్మ రేణువులు అడుగుకు చేరకుండా తేలుతూ ఉంటాయి. కారణం, వాటన్నిటికీ ఒకే రకమైన ఆవేశం ఉండి ఒకదాన్నొకటి వికర్షించుకోవడమే. మరి ఆ ఆవేశం ఎక్కడి నుంచి వస్తుంది? కాస్త పటిక వేయగానే ఎందుకు పోతుంది?

1919లో ఘోష్, ముఖర్జీ ఇద్దరూ లండన్ వెళ్ళి, యూనివర్సిటీ కాలేజిలో ప్రొఫెసర్ డొనాన్ వద్ద చేరారు. 1920 అక్టోబరులో కొల్లాయిడ్ల మీద ఫారడే సొసైటీ, ఫిజికల్ సొసైటీ కలిసి జరిపిన చర్చలో ముఖర్జీ తన సమాధానాన్ని ముందుంచారు. మొదట కొన్ని అయాన్లు రసాయనిక ఆకర్షణతో రేణువు ఉపరితలాన్ని పట్టుకుంటాయి. అవి రేణువుకు ఆవేశం ఇస్తాయి. తర్వాత వ్యతిరేక ఆవేశం గల అయాన్లు దాని చుట్టూ చేరతాయి. వీటిలో కొన్ని విద్యుదాకర్షణ వల్ల ఉపరితలానికి గట్టిగా అతుక్కుపోతాయి, మిగిలినవి స్వేచ్ఛగా తిరుగుతాయి. ఏది అతుక్కుంటుంది, ఏది తిరుగుతుంది అన్నది ఆకర్షణ శక్తికీ, ఉష్ణ చలన శక్తికీ మధ్య పోటీ. అయాను వేలెన్సీ పెరిగితే అతుక్కునే అవకాశం పెరుగుతుంది. పటికలోని అల్యూమినియం అంత చురుగ్గా పనిచేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

నాలుగేళ్ళ తర్వాత, 1924లో, జర్మన్ శాస్త్రవేత్త ఆటో స్టెర్న్ ద్విపొరను రెండు భాగాలుగా విడదీశారు. గోడకు అతుక్కున్న పొర ఒకటి, దాని వెలుపల విస్తరించిన మేఘం ఒకటి. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్నది స్టెర్న్ పేరే. అందులోని కీలకమైన ఆలోచన, కొన్ని అయాన్లు గోడను వదలవు అన్నది, ముఖర్జీ వ్యాసంలో అప్పటికే ఉంది.

1921లో స్వదేశానికి తిరిగి వచ్చిన ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయంలో ఖైరా ప్రొఫెసరు అయ్యారు. విద్యుత్ క్షేత్రంలో రేణువులు కదిలే వేగాన్ని కొలవడానికి తన విద్యార్థులతో మెరుగైన పద్ధతులు రూపొందించారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ స్థాపనలో ముందు నిలిచారు. తర్వాత ఆయన దృష్టి మన దేశపు నేలల మీదకు మళ్ళింది. బంకమట్టి రేణువు ఏ అయాన్లను పట్టి ఉంచుతుంది, వేటిని వదులుతుంది అన్నదానిపై పైరుకు అందే పోషకాలు ఆధారపడతాయి. 1945లో ఆయన ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా వెళ్ళారు. రాయిస్ చేతిలోని బంకమన్ను ముద్ద అలా మన పొలాల దాకా వచ్చింది.

లెక్క కంప్యూటరు చేతికి

1981లో అమెరికాలో జోర్గెన్‌సన్, లుకాక్స్ 75 మైక్రోమీటర్ల గాజు నాళికలో విద్యుత్తుతో పదార్థాలను వేగంగా విడదీసి చూపారు. 1990లో మాంజ్, ఆయన సహచరులు ప్రయోగశాల మొత్తాన్ని చిన్న పలక మీదకు తేవచ్చని ప్రతిపాదించారు. కాలువలకు మలుపులు, కూడళ్ళు వచ్చాయి. తిన్నని కాలువకు స్మొలుకోవ్‌స్కీ సూత్రం చాలు. నాలుగు కాలువలు కలిసే కూడలిలో ఏ ద్రవం ఎటు పోతుందో కాగితం మీద తేల్చడం కష్టం. 1998లో పటాంకర్, హూ అలాంటి కూడలిలో విద్యుత్ ద్రవాభిసరణాన్ని కంప్యూటరుపై లెక్కించి ప్రచురించారు.

కంప్యూటరు ఇక్కడ మూడు ప్రశ్నలను ఒకేసారి సాధించాలి. మొదటిది, అయాన్ల అమరికను బట్టి ప్రతి చోటా విద్యుత్ పొటెన్షియల్ ఎంత? రెండవది, అయాన్లు ఎటు కదులుతున్నాయి? గాఢత ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు అవి విసరణ చెందుతాయి, విద్యుత్ క్షేత్రం లాగితే కదులుతాయి, నీటితో పాటు కొట్టుకుపోతాయి. మూడవది, అయాన్ల లాగుడు, స్నిగ్ధత, పీడనం కలిసి నీటిని ఎంత వేగంతో నడిపిస్తున్నాయి? ఒకదాని జవాబు మిగతా రెంటినీ మారుస్తుంది. అందుకని కాలువను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికీ లెక్క చేసి, జవాబులు మారకుండా నిలబడే దాకా మళ్ళీ మళ్ళీ చేస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలువ ఎత్తు 50 మైక్రోమీటర్లు, ద్విపొర మందం 10 నానోమీటర్లు. అంటే 5000 రెట్ల తేడా! ద్విపొర కనిపించేటంత చిన్న గళ్ళను కాలువ నిండా పరిస్తే లెక్క ఎప్పటికీ తెమలదు. అందుకే గోడ దగ్గర చిన్నవి, మధ్యలో పెద్దవి గళ్ళు వేస్తారు. లేదా ద్విపొరను పూర్తిగా వదిలేసి, గోడ దగ్గర నీరు స్మొలుకోవ్‌స్కీ చెప్పిన వేగంతో జారుతోందని కంప్యూటరుకు ముందే చెప్పేస్తారు. 1903 నాటి సూత్రం ఇలా నేటి కంప్యూటరుకు సాయం చేస్తోంది.

తెర చెప్పనిది

రంగురంగుల బొమ్మలతో కంప్యూటరు తెర మీద ప్రవాహం కనిపిస్తుంటే అంతా తెలిసిపోయిందనిపిస్తుంది. కాని జీటా పొటెన్షియల్ ఎంత అన్నది చాలా లెక్కల్లో మనమే ఇవ్వాలి. అది గాజును బట్టి, నీటి ఆమ్లత్వాన్ని బట్టి, ఉప్పు గాఢతను బట్టి మారుతుంది. ఆమ్ల ద్రావణంలో గాజు గోడ ఆవేశం బాగా తగ్గుతుంది, క్షార ద్రావణంలో పెరుగుతుంది. రక్తం వంటి నమూనాను పంపితే అందులోని ప్రోటీన్లు గోడకు అక్కడక్కడా అంటుకుంటాయి. అప్పుడు జీటా ఒక్కో చోట ఒక్కో విధంగా ఉండి, నీరు తిన్నగా పోవడానికి బదులు సుడులు తిరగవచ్చు. గోడ అంతా ఒకే తీరుగా ఉందని కంప్యూటరుకు చెప్పి ఉంటే, అది ఎంత ఖచ్చితంగా లెక్కించినా తప్పు జవాబే ఇస్తుంది. రోగనిర్ధారణకు వాడే పలక విషయంలో అలాంటి తప్పు చిన్నది కాదు.

గోడను ఏ అయాను పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుంది? ముఖర్జీ 1920లో అడిగిన ప్రశ్న ఇదే. నేటికీ దీనికి సమాధానం కొలతల ద్వారానే రావాలి.

తడి బట్టల దీపం

ఘోష్ కథకూ ఒక కొనసాగింపు ఉంది. ఢాకాలోనూ, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ పనిచేశాక, 1950లో ఆయన దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి.కి తొలి డైరెక్టరు అయ్యారు. అది కలకత్తాకు పశ్చిమాన, ఎన్నో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో ఉంది. స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో దాని తరగతులు మొదలయ్యాయి.

అదే సంస్థలో ఇవాళ సుమన్ చక్రవర్తి, ఆయన బృందం సూక్ష్మ కాలువల్లో ద్రవాల, అయాన్ల ప్రయాణాన్ని లెక్కలతోనూ, ప్రయోగాలతోనూ పరిశోధిస్తున్నారు. ఆయనకు 2013లో భట్నాగర్ పురస్కారం, 2022లో ఇన్ఫోసిస్ బహుమతి లభించాయి. 2019లో ఈ సంస్థ పరిశోధకులు ప్రచురించిన ఒక పని మీకు నచ్చుతుంది. నూలు బట్టలో సెల్యులోజ్ పోగుల మధ్య నానోమీటర్ల కాలువలుంటాయి. ఉప్పునీటితో తడిసిన బట్ట ఆరుతున్నప్పుడు నీరు ఆ కాలువల గుండా పైకి పాకుతుంది, అయాన్లను మోసుకుపోతుంది, వోల్టేజి పుడుతుంది. ఇది 1859లో క్వింకె చూసిన వింతే! ఒక గ్రామంలో రజకులు ఆరవేసిన యాభై దాకా బట్టలను కలిపి, పోగైన విద్యుత్తుతో ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపాన్ని వెలిగించారు.

కాబట్టి ఈసారి పెరట్లో దండెం మీద తడి బట్టలు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పోగుల్లో నీరు కదులుతోంది. నీటిలో అయాన్లు కదులుతున్నాయి. కొన్ని మాత్రం గోడను పట్టుకుని కదలకుండా ఉన్నాయి. అవి ఎన్ని? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు రాబట్టే పని ఇంకా మిగిలే ఉంది. అందులో మీకూ చోటుంది.